నవ్వుకు గ్యాపు

రాత్రి పొద్దుపోయాక జనాన్ని నవ్వించడం కొన్నేళ్లపాటు నా ఉద్యోగం. ఆ వేళకు నేను మాత్రం ఇబ్రహీంపట్నంలో మా ఇంట్లో ముసుగుతన్ని పడుకుని ఉండేదాన్ని. మా కార్యక్రమాన్ని పట్టపగలు తీసేవాళ్లు. బంజారాహిల్స్‌లో ఒక మేడ కింద, ఏసీ చలిలో, అన్నం తిన్న మత్తు ఇంకా కళ్ల మీద ఉండగానే "రెడీనా అక్కా" అనేవాళ్లు. అది అటూ ఇటూ కత్తిరింపులు అయి, వార్తలూ చర్చలూ అన్నీ ముగిశాక, పడుకోబోయేవాళ్ల కోసం వచ్చేది. తెల్లారి బస్టాండులో నిలబడితే, నేను చూడని నన్ను చూసినవాళ్లు వచ్చి పలకరించేవాళ్లు.

"అక్కా, రాత్రి గా మంత్రిని మస్తు కడిగినవ్ పో!"

"అవ్ తమ్మీ, కడిగిన," అనేదాన్ని. కడిగితే మురికి పోవాలి కదా. అది పోయినట్టు నాకెప్పుడూ కనబడలేదు.

అంతకుముందు మీర్‌పేటలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పేదాన్ని. బడి వార్షికోత్సవంలో నేను వేసిన ఏకపాత్ర చూసి ఒక పిల్ల తండ్రి నన్ను చానల్‌కు రమ్మన్నాడు. ఆయన అక్కడే పనిచేసేవాడు. అప్పుడు హైదరాబాదు ఉబ్బిపోతున్న రోజులు. బొంగ్లూరు గేటు నుంచి తుర్కయంజాల్ దాకా సాగర్ రోడ్డుకు రెండు వైపులా వెంచర్ల కమాన్లు లేచాయి. నిన్న కంది చేను ఉన్నచోట ఇవాళ ప్లాట్ల హద్దుకు పాతిన తెల్లరాళ్లు. చానళ్లు కూడా అలాగే పుట్టుకొచ్చాయి. ప్రతివాళ్లకూ ఊరి మాట మాట్లాడే మనిషి ఒకరు కావాల్సి వచ్చింది. అన్నాళ్లూ ఆ మాటను చూసి నవ్వినవాళ్లే ఆ మాటతో నవ్వించమని పిలిచారు.

నేను "అక్క"ను. పాత్రకు వేరే పేరు లేదు. నేత చీర, పెద్ద బొట్టు, నులక మంచం. ఎదురుగా కుర్చీలో నాయకుడో, సినిమా మనిషో. నేను పంచాయితీ పెద్దలా, వాళ్లు తగువు తెచ్చుకున్నవాళ్లలా కనబడాలట. వెనక అట్టలతో చేసిన మట్టిగోడ, దానికి ప్లాస్టిక్ మొక్కజొన్న కంకులు. మూలకు ఒక రోకలి ఆనించి పెట్టారు. "రోలేది నాయనా?" అని అడిగితే ఫ్రేములో పట్టదన్నారు. రోలు లేని రోకలితో ఏం దంచుతాం? ఆ సంగతి అడిగినందుకు నన్ను చాదస్తం మనిషి కింద జమ కట్టారు.

ప్రశ్నలు రాసే ఆయనది మా ప్రాంతం కాదు. ప్రతి మాట ముందూ ఒక "గ" తగిలిస్తే తెలంగాణ అయిపోతుందని ఆయన నమ్మకం. "గన్నం గతిన్నావా" అని రాయలేదు, అదే మన అదృష్టం. ఆ కాగితం మీద విషయం చూసుకుని, పక్కన పెట్టేసి, మా ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడేదాన్ని. జనం పడింది దానికే. ఆ సంగతి చానల్లో ఎవరికీ అర్థం కాలేదు. నేనూ విడమరిచి చెప్పలేదు.

ఇక నవ్వుల సంగతి. మా స్టూడియోలో చూసేవాళ్లంటూ ఎవరూ ఉండేవాళ్లు కాదు. కెమెరాల దగ్గర ఉన్నవాళ్లకు నవ్వే తీరిక లేదు, నవ్వితే మైకులో పడుతుందని భయం కూడా. టీవీలో వినబడే నవ్వులన్నీ ఎడిటింగ్ గదిలో కంప్యూటర్‌లో నిల్వ ఉండేవి. చిన్న నవ్వు, పెద్ద నవ్వు, ఆడవాళ్ల కిలకిల, చప్పట్లు కలిపిన నవ్వు. ఎక్కడ ఏది కావాలంటే అక్కడ అది వేసేవాళ్లు. మొదటిరోజే ప్రొడ్యూసర్ నాకు చెప్పాడు.

"ఒక మాట అనగానే వెంటనే ఇంకోటి అనకమ్మా. నవ్వుకు గ్యాపు ఇవ్వాలి. ఊరికే కూర్చుంటే బొమ్మలా ఉంటావు, కొంగు సర్దుకో."

అలా మా కార్యక్రమంలో కొంగు సర్దుకోవడం అంటే నవ్వు వచ్చే చోటు. వచ్చే పెద్దమనుషులకు కూడా ముందే చెప్పి కూర్చోబెట్టేవాళ్లు: "అక్క కొంగు సర్దుకుంటే అక్కడ నవ్వు పడుతుంది సార్. మీ దగ్గర ఏదైనా తమాషా మాట ఉంటే అప్పుడు వేసుకోండి." కొన్నాళ్లకు ఆ చెయ్యి నా చేతిలో లేకుండా పోయింది. కూరగాయల దగ్గర బేరమాడుతూ కూడా ఒక మాట అని కొంగు సర్దుకునేదాన్ని. మా ఆయన చూసి, "గిప్పుడు నవ్వాల్నా?" అనేవాడు.

నాయకులు నన్ను చూసి జంకుతారని మొదట్లో అనుకున్నాను. నా పిచ్చి గానీ, జంకేది ఎవరు? వాళ్ల పీఏలు ఫోన్లు చేసి మరీ బతిమాలేవాళ్లు. "అక్కా, మా సారును జర గట్టిగనే అడుగు. ఫికర్ జేయకు, సారు ఏమనుకోడు." ఎందుకనుకుంటాడు? అసెంబ్లీలో ఒక్క ప్రశ్న వేస్తే గుడ్లురిమే మనిషి, నా మంచం ముందు చెవులు పట్టుకుని గుంజీలు తీసేవాడు. తెల్లారి ఊరంతా "పాపం, మంచోడే" అనేది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. మా దగ్గర పిల్లీ ఎలుకా కలిసి ఆడుకునేవి. ప్రాణసంకటం ఇంట్లో కూర్చుని చూసేవాళ్లది.

సినిమావాళ్లూ అంతే. ఒక డైరెక్టర్‌ను అడిగాను. "సారూ, మా మాట మాట్లాడేటోడు మీ సిన్మలల్ల ఎప్పుడు జూసినా దొంగోడో తాగుబోతోడో ఎందుకైతడు? మా దిక్కు మంచోడు పుట్టడా?" ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. "భలే మాట్లాడతారమ్మా మీరు! నా తర్వాతి సినిమాలో వేషం ఇస్తాను," అన్నాడు. ఇస్తానన్నది దొంగోడి పెళ్లాం వేషం. నాకు ఒళ్లు మండిపోయింది. అది కూడా టీవీలో నవ్వు కిందే వచ్చింది.

ఇంట్లోకి జీతం వస్తోంది కదా అని పోతూనే ఉన్నాను. పొద్దున బస్సు, సాయంత్రం బస్సు. విసుగు కూడా అలవాటైపోయాక విసుగనిపించదు.

అప్పుడు వచ్చింది మా చిన్నమ్మ.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. యాచారం అవతల చిన్న ఊరు. వాన పడితే పత్తి, కంది. పడకపోతే మొగులు దిక్కు చూడటం. మా అమ్మ దవాఖానాలో పడి ఉన్నన్నాళ్లూ నన్ను సాకింది ఆమే. ఆమెకు పిల్లలు లేరు. చిన్నాయన పోయినప్పుడు ఆయన్ని చేనులోనే, ఒడ్డు పక్కన గుంత తీసి పెట్టారు. మా దిక్కు సొంత భూమి ఉన్నవాళ్లు తమవాళ్లను తమ చేనులోనే పెట్టుకుంటారు. పైన గద్దె కట్టి సున్నం వేస్తారు. పెద్దలకు పెట్టుకునే పెత్తరమాస వచ్చిందంటే చిన్నమ్మ ఆ గద్దె కడిగి, ఆయనకిష్టమని చింతచిగురు పప్పో, ఎండబెట్టి దాచిన చేపలో వండి ఆకులో పెట్టి, కాస్త కల్లు ధారపోసి, పక్కన కూర్చుని ఆ ఏడాది ముచ్చట్లన్నీ చెప్పేది. ఎవరింట్లో పెళ్లయింది, ఎవరి బర్రె ఈనింది, నేను టీవీలో ఎవరిని తిట్టాను, అన్నీ. గద్దె పక్కన ఇంకో మనిషి పట్టేంత చోటు వదిలి ఉంచింది. అది తనకు. అక్కడ ఏనాడూ విత్తనం వేయలేదు.

ఫ్యాక్టరీల కోసమని ఆ చుట్టుపక్కల భూములు తీసుకుంటారని కబురొచ్చింది. సర్కారు మనుషులు వచ్చి టేపులు పట్టి కొలిచారు. బోరు చూశారు, పైపులు చూశారు, చెట్లు లెక్కబెట్టారు. గద్దె దగ్గరికి వచ్చేసరికి దాన్ని దేని కింద రాయాలో వాళ్లకు తోచలేదు. తోచక వదిలేసి పోయారు. చిన్నమ్మ ఆ మర్నాడే ఆటో ఎక్కి ఇబ్రహీంపట్నం వచ్చింది. కాళ్లు కడుక్కోకముందే మొదలుపెట్టింది.

"బిడ్డా, గా పెద్ద నాయకుడు నీ మంచం కాడికొస్తడట గదా. గీ ఒక్క మాట అడుగు. 'సారూ, బోరుకు లెక్కగట్టిండ్రు, చెట్లకు లెక్కగట్టిండ్రు. మా ఆయిన పండుకున్న జాగకేం గట్టిండ్రు? రేపు నేను సస్తె నన్నేడ పెడ్తరు?' గంతే. భూమి తీస్కోవద్దని గూడ అంటలేను. గా రెండు జాగలు ఇడిచిపెట్టుమను."

"అది తమాషా ప్రోగ్రాం చిన్నమ్మా. ఏమడగాల్నో ముందే రాసిస్తరు. గట్ల అడిగితె పని గాదు."

"తమాషనో గిమాషనో. ఆయిన ముందట కూసుంటవా, కూసోవా?"

"కూసుంటా."

"మరింకేందే?"

ఆమె లోకంలో ఎదురుగా కూర్చున్న మనిషిని మాట అడిగితే, ఆ మనిషి జవాబు చెప్పాలి. అవునో కాదో చెప్పాలి. చెప్పకుండా లేచిపోతే వాడు మనిషే కాదు. అంత చిన్న న్యాయం ఆమెది. టీవీ అంటే ఏమిటో అన్నేళ్లు చేసిన నాకు తెలుసు, ఆమెకు తెలియదు. కానీ అన్నం తింటూ ఆమె ముఖం చూస్తే అడుగుతానని మాటిచ్చేశాను.

రికార్డింగ్ రోజు ఎవరికీ చెప్పలేదు. నాయకుడు తెల్లబట్టల్లో, మంచి హుషారుగా వచ్చాడు. రాసిచ్చినవన్నీ అయ్యాయి. పొట్ట మీద జోకు, మనవడి మీద జోకు, పార్టీ మారడం మీద జోకు. అన్నింటికీ తొడ కొట్టుకుని నవ్వాడు. అప్పుడు చిన్నమ్మ మాటలు చిన్నమ్మ చెప్పినట్టే, ఒక్క ముక్క మార్చకుండా అడిగాను. "రేపు నేను సస్తె నన్నేడ పెడ్తరు?" అని ఆపాను.

ఆయన నవ్వు ఆగిపోయింది. పీఏ వైపు చూశాడు. నోరు తెరిచాడు, మూశాడు. ఏసీ చప్పుడు తప్ప ఏమీ లేదు. అన్నేళ్లలో నా ఎదురుగా ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లలో ఒక మనిషిని చూసింది అదొక్కసారే. ఆయన తనవాళ్లనీ ఎక్కడో ఒక చేనులో పెట్టే ఉంటారు కదా, పల్లె నుంచి వచ్చినవాడే. ఇంకొంచెంసేపు అలాగే వదిలితే ఏమనేవాడో తెలియదు. "చూద్దాంలే అక్కా" అన్నా చాలు. నలుగురిలో అన్నాడని ఆ ముక్క పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగేదాన్ని.

ఈలోగా నా చెయ్యి కొంగు మీదికి పోయింది.

నేను పంపలేదు, అదే పోయింది. ఆయన అది చూశాడు. కరెంటు వచ్చినట్టు ముఖం వెలిగింది.

"నీకేం తక్కువక్కా! నిన్ను టాంక్ బండ్ మీద పెడ్తం!"

అక్కడున్న మహానుభావుల విగ్రహాల వరసలో నాదొకటి నిలబెడతాడట. ఎన్నడూ నవ్వని కెమెరామన్ కూడా కిసుక్కుమన్నాడు. నిజం చెప్పొద్దూ, మాట బాగానే పడింది. ఆ మనిషికి నాలుక మీద సరస్వతి ఉంది. నేను వదల్లేదు. "నా ముచ్చట గాదు సారూ, మా చిన్నమ్మ..." అంటుండగానే చెవిలో ప్రొడ్యూసర్ గొంతు: "సూపర్ అక్కా, సూపర్! ఇక్కడే బ్రేక్!"

తర్వాత ఎడిటింగ్ గదిలోకి పోయి గొడవ పెట్టుకున్నాను. ఆ జోకు ఉంటే ఉండనివ్వండి, ఆయన మాట రాక కూర్చున్న ఆ కాసేపు ఉన్నదున్నట్టు ఉంచండి, దాని మీద మాత్రం నవ్వు వేయకండి అన్నాను. ప్రొడ్యూసర్ నన్ను జాలిగా చూశాడు.

"అంతసేపు సైలెంట్‌గా ఉంటే టీవీ పాడైందనుకుని చానల్ మార్చేస్తారమ్మా!"

చప్పట్లు కలిపిన పెద్ద నవ్వు వేశారు. ఆయన నోరు తెరిచి మూయడం కూడా ఆ నవ్వులో కావాలని చేసిన వేషంలా కలిసిపోయింది.

అది టీవీలో వచ్చిన తెల్లారి చిన్నమ్మకు ఫోన్ చేశాను.

"చూసినవా?"

"చూసిన బిడ్డా. నువ్వు మంచిగనే అడిగినవ్. గా నవ్వినోళ్లు ఎవలే? నీ ఎన్క కూసున్నరా?"

"ఎవ్వలు లేరు చిన్నమ్మా. గది మిషిని నవ్వు."

"మిషినికి నేనేం జేసిన?" అంది.

నాయకుడి టాంక్ బండ్ మాట ఊళ్లు పట్టుకు తిరిగింది. బస్సు ఎక్కి టికెట్ అడిగితే కండక్టర్, "ఏడ దించాలక్కా, టాంక్ బండ్ మీద పెట్టాల్నా?" అన్నాడు. ఆటోవాళ్లు ఒకరినొకరు అలాగే అరుచుకునేవాళ్లు. పిల్లల ఫోన్లలో అదే. ఇంకో నాయకుడి పీఏ ఫోన్ చేసి, "మా సారుకు గూడ గట్లాంటిది ఒకటి పడేటట్టు జర చూడక్కా," అన్నాడు. నాకు కోపం రావాలి. రాలేదు. ఫోన్ పెట్టేసి బియ్యం కడుక్కున్నాను.

తర్వాత చిన్నమ్మ ఊళ్లో, భూముల గురించి జనం మాట వింటామని అధికారులు మీటింగ్ పెట్టారు. నేను సెలవు పెట్టి పోయాను. బడి ముందు షామియానా, బల్ల వెనక అధికారులు, ముందు కుర్చీల్లో ఊరు. ఒక్కొక్కరే లేచి అడుగుతున్నారు. ధర గురించి, ఉద్యోగాల గురించి. చిన్నమ్మ పొద్దున్నుంచీ ఆ రెండు ముక్కలూ లోపల అనుకుంటూనే ఉంది, పెదవులు కదులుతున్నాయి. తన వంతు వచ్చింది. లేచి, కొప్పు సవరించుకుని, మైకు పట్టుకోవడం రాక రెండు చేతులతో పట్టుకుని మొదలుపెట్టింది.

"సారూ, బోరుకు లెక్కగట్టిండ్రు, చెట్లకు లెక్కగట్టిండ్రు..."

అప్పటికే వెనక వరసల్లో గుసగుస. ఆమె ఆగలేదు. "మా ఆయిన పండుకున్న జాగకేం గట్టిండ్రు? రేపు నేను సస్తె నన్నేడ..."

"టాంక్ బండ్ మీద పెడ్తం!"

వెనక నుంచి ఎవడో అరిచాడు. షామియానా మొత్తం ఘొల్లుమంది. ఈసారి మిషను కాదు. ఆమె ఊరివాళ్లు. ఆమెతో కలిసి పత్తి ఏరినవాళ్లు, చిన్నాయన పాడె మోసినవాళ్లు, తమ తల్లిదండ్రుల గద్దెలు కూడా అదే భూముల్లో ఉన్నవాళ్లు. వాళ్లకు ఆమె మీద పగ లేదు, తెలిసిన మాట చెవిన పడితే నవ్వు అదే వచ్చేసింది. అధికారి కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "కూర్చోమ్మా, కూర్చో. నీది టీవీలో వచ్చింది కదా," అన్నాడు. తర్వాతి వాళ్లను పిలిచారు.

నేను లేచి నిలబడి అరిచాను.

"ఎందుకు నవ్వుతుండ్రు? సిగ్గు శరం లేదా? మీ అవ్వలు, మీ తాతలు ఏడున్నరు? గా చేన్లల్ల లేరా?"

తలలన్నీ నా వైపు తిరిగాయి. అంతలో ఎవడో గుర్తుపట్టి, "అరె, అక్క! టీవీ అక్కొచ్చింది!" అని ఈల వేశాడు. ఫోన్లు లేచాయి. నేను ఎంత అరిస్తే అంత చప్పట్లు. పళ్లు కొరికాను, దానికీ చప్పట్లే. ముందు వరసలో ఒక ముసలాయన కళ్లు తుడుచుకుంటూ, "ఏం జేస్తదిరా!" అని మురిసిపోయాడు. గొంతు పోయేదాకా అరిచి కూర్చున్నాను.

చిన్నమ్మ ఇంటికి పోలేదు, నేరుగా చేనుకు నడిచింది. నేను వెనకాలే పోయాను. గద్దె మీద పడ్డ ఆకులు చేత్తో ఊడ్చి, పక్కన, తన కోసం వదిలిపెట్టుకున్న ఆ ఖాళీ నేల మీద కూర్చుంది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. ఏం మాట్లాడాలో తెలియనప్పుడు సామెతలు నోటికొస్తాయి.

"నవ్విన నాపచేనే పండుతది చిన్నమ్మా."

"చేనుంటె పండుతది బిడ్డా," అంది.

"ఊకోవద్దు. కలెక్టరాఫీసుకు పోదాం. మళ్ల అడుగుదాం. నువ్వే అడుగు, నేను పక్కన నిలబడ్త."

"ఏమని అడగాలె? నా కాడున్నది గా ఒక్క మాటనే. ఇగ ఏడ దాన్ని ఎత్తినా నవ్వుతరు." మోకాళ్ల మీద చేతులు ఆనించి మెల్లగా లేచింది. కొంగుతో నా ముఖం మీది దుమ్ము తుడిచింది. "నువ్వే అడుగు బిడ్డా. అడిగితె నీకు జీతమన్న ఇస్తరు."

వెక్కిరింపుగా అనలేదు. నా మేలు కోరే అంది.